ఉన్న బీమా అక్కరకు రాకుండా చూసుకోవడం ఎలా?
సింగపూర్ చదువులకు బయల్దేరే పిల్లలకు ఒక పెద్దాయన హితబోధ

అమెరికా వెళ్లే పిల్లలకు బీమా గురించి చెప్పేవాళ్లు అమీర్‌పేట నిండా ఉన్నారు. సింగపూర్ వెళ్లే పిల్లల గోడు పట్టించుకునే నాథుడే లేడు. కారణం లేకపోలేదు. అక్కడ బీమా వెతుక్కునే శ్రమే తక్కువ. ఎన్‌యూఎస్, ఎన్‌టీయూ లాంటి విశ్వవిద్యాలయాల్లో సీటు వస్తే విద్యార్థి బీమా వెంటే వస్తుంది. దాని ప్రీమియం ఫీజుల చిట్టాలో ఓ మూల ఉంటుంది. ప్రైవేటు కాలేజీలో చేరినా అంతే. స్టూడెంట్ పాస్ మీద వచ్చే విదేశీ పిల్లల్ని చేర్చుకోవాలంటే ఆ కాలేజీకి ఎడ్యూట్రస్ట్ అనే ధ్రువీకరణ ఉండాలి. అది కావాలంటే విద్యార్థులకు వైద్య బీమా ఏర్పాటు చేయాలి. స్కిల్స్‌ఫ్యూచర్ సింగపూర్ కింద పనిచేసే ప్రైవేటు విద్యా కమిటీ కనీస హద్దులు కూడా గీసిపెట్టింది: ఏడాదికి 20,000 సింగపూర్ డాలర్లకు తగ్గని రక్షణ, ప్రభుత్వ ఆసుపత్రిలో కనీసం బీ2 వార్డు, కోర్సు సాగినన్నాళ్లూ 24 గంటల వర్తింపు.

అంటే, శంషాబాద్‌లో నువ్వు విమానం ఎక్కేసరికే నీ పేరు మీద ఒక బీమా తయారుగా ఉంటుంది. ఇక మిగిలిన పని ఒక్కటే: అవసరమైన రోజున అది అక్కరకు రాకుండా చూసుకోవడం. తేలిక అనుకోకు నాయనా, క్రమశిక్షణ కావాలి. సింగపూర్ నేను చూడలేదు. అయినా సలహా ఇవ్వడానికి ఊరు చూడాలా ఏమిటి? శ్రద్ధగా విను.

1. పాలసీ కాగితం తెరవకు

కాలేజీవాళ్లు ఈమెయిల్‌లో పంపుతారు. పేజీలు ఎక్కువ, అక్షరాలు చిన్నవి. మీ అమ్మ ఆవకాయ జాడీని కాటా మీద మూడుసార్లు తూచింది, మీ నాన్న ఫీజు రసీదుకు నాలుగు జిరాక్సులు తీయించాడు. అంత చేసిన ఇంట్లో పాలసీ కూడా చదవాలంటే ఎలా?

చదివితే లేనిపోని విషయాలు తెలుస్తాయి. ఏ ఆసుపత్రికి వెళ్తే కంపెనీ నేరుగా కడుతుంది, ఎక్కడ ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలి, బిల్లులు ఎన్నాళ్లలోపు పంపాలి, అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన నంబరేది, బీమా దేనికి వర్తించదు... ఇవన్నీ తెలిశాక నిద్రెలా పడుతుంది? పైగా చాలా పాలసీల్లో రెండు భాగాలుంటాయి. ఆసుపత్రిలో చేరినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు పనికొచ్చేది ఒకటి, ప్రమాదంలో దెబ్బ తగిలితే పనికొచ్చేది ఇంకొకటి. రెండింటికీ పరిమితులు వేరు. ఈ తేడా తెలియని మనిషి ఎంత హాయిగా ఉంటాడో గమనించు.

2. ఫీజు బీమాను ఒంటి బీమా అనుకో

ప్రైవేటు కాలేజీ ఒప్పందంలో ఫీ ప్రొటెక్షన్ స్కీమ్ అని ఒక మాట కనపడుతుంది. కాలేజీ మూతపడినా, కోర్సు మధ్యలో ఆగిపోయినా నువ్వు కట్టిన ఫీజు మునిగిపోకుండా కాపాడే ఏర్పాటది. నీ జ్వరంతో దానికి సంబంధం లేదు. అందుకే దాన్ని చూపించి, "బీమా కట్టేశాం బావగారూ" అని పెళ్లిలో నలుగురికీ చెప్పమని మీ నాన్నకు నా మనవి. కాలేజీకి జబ్బు చేస్తే ఫీజు వెనక్కి వస్తుంది. నీకు జబ్బు చేస్తే ఏమొస్తుందో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర తెలుసుకోవచ్చు.

3. మన ఊళ్లో చవగ్గా దొరికేది కొనుక్కుని, అక్కడిది వద్దను

సొంత పాలసీ ఉందని రుజువు చూపిస్తే కొన్ని కాలేజీలు తమ బీమా నుంచి మినహాయింపు ఇస్తాయి. వదలకు. కన్సల్టెన్సీవాళ్లు ప్యాకేజీలో కలిపి ఇచ్చే విదేశీ ప్రయాణ బీమా ఒకటి ఉంటుంది. అది అమెరికా డాలర్లలో ఉంటుంది గనక ఘనంగా కనపడుతుంది. సింగపూర్ ఆసుపత్రి దాని కార్డు తీసుకుంటుందా, ముందు నువ్వే కట్టి తర్వాత బిల్లులు పంపుకోవాలా అని అడగడం మర్యాద కాదు.

దాంతోపాటు ఆరోగ్యశ్రీ కార్డు కూడా పర్సులో పెట్టుకో. 2007లో మొదలైన పథకం, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితిని పది లక్షల రూపాయల దాకా పెంచారు. దాని జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే చెల్లుతుందన్న చిన్న షరతు తప్ప ఇంకేం ఇబ్బంది లేదు. ఆ జాబితాలో సింగపూర్ జనరల్ హాస్పిటల్ ఇంకా చేరలేదు. 1821 నుంచీ ఉన్న ఆసుపత్రి కదా, తొందరేముంది?

4. వార్డు దగ్గర పరువు కాపాడుకో

ఇది నా బోధల్లో తలమానికం. కాస్త నెమ్మదిగా చదువు.

సింగపూర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వార్డులు ఏ, బీ1, బీ2, సీ అని తరగతులుగా ఉంటాయి. ఏ తరగతి అంటే ఒక్కరికే గది. బీ1లో నలుగురైదుగురు ఉన్నా ఏసీ ఉంటుంది. బీ2లో ఐదారు మంచాలు, మామూలుగా ఫ్యాను గాలి. కాలేజీ బీమాకు ప్రభుత్వం పెట్టిన కనీస హద్దు బీ2. మీ మావయ్య ఫోన్‌లో ఏమంటాడు? "మావాడు ఏసీ లేనిదే పడుకోడండీ, సింగిల్ రూమ్ వేయండి." వెయ్యమను. అప్పుడు చాలా బీమా కంపెనీలు ఒక లెక్క తీస్తాయి. నీకు హక్కున్న వార్డులో అయితే ఎంతయ్యేదో ఆ నిష్పత్తిలోనే మొత్తం బిల్లుకు కడతాయి. గది అద్దెకే కాదు, డాక్టరు ఫీజుకు, పరీక్షలకు కూడా ఆ కోత వర్తించవచ్చు. మిగతాది మావయ్య కడతాడేమో కనుక్కో. ఈ విషయం వచ్చినప్పుడు ఆయన ఫోన్ సిగ్నల్ బలహీనపడుతుంది.

ఇంకో అపోహ కూడా పెంచి పోషించుకో. సింగపూర్‌లో బీ2, సీ వార్డులు చవక అని అక్కడ స్థిరపడిన మనవాళ్లు చెబుతారు. నిజమే, వాళ్లకు చవక. ఆ వార్డులకు సర్కారు ఇచ్చే సబ్సిడీ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. స్టూడెంట్ పాస్ మీద ఉన్నవాడు అదే మంచం మీద పడుకున్నా పూర్తి ధర కట్టాల్సిందే. 2015 నవంబరు నుంచి నడుస్తున్న మెడిషీల్డ్ లైఫ్ అనే జాతీయ ఆరోగ్య బీమా కూడా పౌరులకు, శాశ్వత నివాసులకే. పక్క మంచం మీది చైనీస్ తాతగారి బిల్లు చూసి నీ బిల్లు ఊహించుకో. ఊహకు డబ్బులడగరు కదా!

ఇక 20,000 డాలర్లంటే మన లెక్కలో లక్షల్లో మాట. ఆ అంకె రూపాయల్లో రాసుకుని గోడకు అంటించుకో. ఖర్చు మాత్రం డాలర్లలోనే అవుతుంది, అది మర్చిపో. నాలుగు రోజులు వార్డులో ఉంటే సరిపోయే సొమ్ము ఐసీయూలో నాలుగు రోజులకు సరిపోతుందా అని ఎవరైనా అడిగితే, అపశకునం మాటలు వద్దని కసురు. కాలేజీ కనీసమే ఇచ్చిందా, అంతకన్నా ఎక్కువ ఇచ్చిందా, తక్కువైతే పైన ఇంకొకటి జోడించుకోవచ్చా అన్న ప్రశ్నలు పొరపాటున కూడా రానీకు.

అన్నట్టు, ఎన్‌యూఎస్ పిల్లలకు కెంట్ రిడ్జ్‌లో నేషనల్ యూనివర్సిటీ హాస్పిటల్ పక్కనే ఉంది. ఎన్‌టీయూ పిల్లలకు జురాంగ్ ఈస్ట్‌లో ఎంగ్ టెంగ్ ఫాంగ్ జనరల్ హాస్పిటల్ దగ్గర. రెండూ ప్రభుత్వ ఆసుపత్రులే, కాబట్టి వాటిని వదిలేసి, పేరు సినిమాలో విన్నట్టుందని ఏదైనా ప్రైవేటు ఆసుపత్రికి టాక్సీ కట్టించుకో. చేరేముందు డిపాజిట్ అడుగుతారు. బీమా కంపెనీ నుంచి హామీ పత్రం తెస్తే ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాసార్లు ఆ డిపాజిట్ బాధ తప్పుతుంది. హామీ పత్రం ఎలా తెప్పించాలో పాలసీలో రాసి ఉంటుంది. మొదటి సూత్రం ప్రకారం నువ్వు దాన్ని తెరవలేదు కాబట్టి ఆ గొడవే లేదు.

5. పాత జబ్బులు దాచిపెట్టు

ఉబ్బసం, థైరాయిడ్, ఫిట్స్... పెళ్లిచూపుల్లో దాచినట్టే బీమా ఫారంలోనూ దాచెయ్. పాత జబ్బులకు చాలా పాలసీలు కొంతకాలం డబ్బు కట్టవు, కొన్ని అసలే కట్టవు. చెబితే కనీసం ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ముందే తేలుతుంది. అందులో ఉత్కంఠ లేదు.

దాచినవాడికి వచ్చే ఉత్కంఠే వేరు. అర్ధరాత్రి ఆయాసంతో ఎమర్జెన్సీకి వెళ్తావు. డాక్టరమ్మ నెమ్మదిగా అడుగుతుంది, ఎన్నాళ్ల నుంచి ఉందని. ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషి నిజమే చెబుతాడు: "చిన్నప్పటి నుంచీ ఉంది మేడమ్." ఆమె అదే కేసుషీట్‌లో రాస్తుంది. క్లెయిమ్ వచ్చాక బీమా కంపెనీ మొదట చదివేది ఆ షీటునే. స్టూడెంట్ పాస్ కోసం ఇచ్చిన వైద్య పరీక్ష రిపోర్టులో ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ పరీక్ష బాగానే ఉన్నాయి కదా, ఇంకేం అంటావేమో. ఆ రిపోర్టు ప్రవేశానికి, బీమా ఫారం చెల్లింపుకు. రెండూ ఒకటేనని నువ్వు అనుకున్నన్నాళ్లూ నా మాట దక్కినట్టే.

6. మెడికల్ షాపును సూట్‌కేసులో సర్దు

అక్కడ యాంటీబయాటిక్ కావాలంటే డాక్టరు చీటీ ఉండాలి. మన సందు చివర మెడికల్ షాపు అన్నలాగా ముఖం చూసి మందిచ్చేవాడు దొరకడు. కాబట్టి ఏడాదికి సరిపడా మాత్రలు, టానిక్కులు, దగ్గుమందులు అట్టపెట్టెలు తీసేసి, చీటీలు లేకుండా, పేర్లు చెరిపేసి మరీ సర్దు.

సొంతానికి మూడు నెలలకు మించి మందులు తీసుకెళ్లకూడదని సింగపూర్ హెల్త్ సైన్సెస్ అథారిటీ నియమం. కోడీన్ ఉన్న కొన్ని మందులకు, కొన్ని నిద్రమాత్రలకు ముందుగానే దాని అనుమతి తీసుకోవాలి. చాంగీ విమానాశ్రయంలో ఈ సంగతి చర్చించుకోవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. మీ అమ్మ మసాలాకని కట్టిన గసగసాల పొట్లం కూడా అడుగున పెట్టు. గసగసాల విషయంలో అక్కడి మాదకద్రవ్యాల శాఖ పట్టింపు నీ కోడికూర రుచికంటే గట్టిది. ఏళ్ల తరబడి రోజూ మందు వేసుకునేవాళ్లు డాక్టరు ఉత్తరం, చీటీ, మందుల అసలు పేర్ల జాబితా పట్టుకెళ్తారు. వాళ్లకు సాహసం అంటే ఏమిటో తెలియదు.

7. జ్వరం వస్తే డల్లాస్‌కు ఫోన్ చెయ్యి

ముందు డోలో వేసుకో. తర్వాత డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకుకు ఫోన్ చెయ్. ఆయన పశువైద్యుడైనా ఫర్వాలేదు, డాక్టరే కదా. తర్వాత వాట్సాప్ గ్రూపులో నాలుక ఫొటో పెట్టు. మూడో రోజుకు నీకు ఏడు రోగ నిర్ధారణలు చేరతాయి.

సింగపూర్ ఎంత శుభ్రమైనా దోమకు వీసా అక్కర్లేదు. 2020లో ఆ చిన్న దేశంలో 35 వేలకు పైగా డెంగీ కేసులు వచ్చాయి. రక్తపరీక్ష చేయించుకుంటే తేలిపోయే విషయాన్ని తేలనీయకుండా లాగడమే నీ నైపుణ్యం. ఎన్‌యూఎస్‌లో అయితే క్యాంపస్‌లోనే యూనివర్సిటీ హెల్త్ సెంటర్ ఉంది. దగ్గర కదా, అందుకే వెళ్లబుద్ధి కాదు. మామూలు దగ్గు, జలుబుకు నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు. అక్కడ చూడ్డానికే వంద డాలర్లు దాటుతుంది. ఆసుపత్రిలో చేరకుండా తిరిగొస్తే ఆ ఖర్చు బీమాలో రాకపోవచ్చు. ఆసుపత్రి బీమా ఉన్నంత మాత్రాన వీధి చివర క్లినిక్ బిల్లు కూడా అది కడుతుందని, పంటినొప్పి కూడా అందులోకే వస్తుందని గట్టిగా నమ్ము.

నిజంగా గుండెనొప్పో, యాక్సిడెంటో అయితే 108కి డయల్ చెయ్. తగలదు. అక్కడ అంబులెన్స్ నంబరు 995. ఆ అంబులెన్స్ నువ్వు కోరిన ఆసుపత్రికి కాదు, కేసుకు తగిన దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తుంది. అత్యవసరం కాదని తేలితే రుసుము వేస్తారు. ప్రాణం మీదికి రాని సందర్భాలకు 1777 అని వేరే నంబరుంది. రెండు నంబర్లూ ఫోన్‌లో దాచుకోకు. సెల్ఫీలకు చోటు తగ్గుతుంది.

8. వంతెన దాటాక కూడా ధీమాగా ఉండు

వుడ్‌లాండ్స్ వంతెన దాటితే మలేషియాలోని జొహోర్ బారు. అక్కడ రింగిట్‌లో అన్నీ చవక. సెలవులొస్తే బాలీ. అక్కడ స్కూటర్లు అద్దెకిస్తారు, మొహమాటం లేకుండా లైసెన్సు అడిగేవాళ్లు తక్కువ. హెల్మెట్ జుట్టు చెరుపుతుంది కాబట్టి వద్దు. కాలేజీ బీమా 24 గంటలూ ఉందన్న మాటొక్కటే గుర్తుపెట్టుకో. ప్రభుత్వం చెప్పిన కనీసంలో విదేశీ వర్తింపు కాలేజీ పని మీద వెళ్లినప్పటికే అన్న ముక్క మర్చిపో. బాలీ స్కూటరు కాలేజీ పనేనని బీమా కంపెనీని నువ్వే ఒప్పించాలి. లైసెన్సు లేకుండా నడిపిన సంగతి కూడా వివరించాల్సి వస్తుంది, వక్తృత్వం అలవడుతుంది.

సంక్రాంతికి గుంటూరు వచ్చి జ్వరపడ్డావనుకో, అప్పుడూ ఇదే పేచీ. అందుకే ముందుచూపున్న తండ్రులకు నా సలహా: పిల్లాడు విమానం ఎక్కగానే ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకున్న ఫ్యామిలీ ఫ్లోటర్ బీమా నుంచి వాడి పేరు కొట్టేయించండి. కొంచెం ప్రీమియం మిగులుతుంది. మళ్లీ చేర్పించినప్పుడు పాత జబ్బుల నిరీక్షణ కాలం మొదటి నుంచి లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కూర్చున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆ గరిష్ఠ కాలాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అంటే మీకు మూడేళ్ల ఓపిక ఉంటే చాలు.

9. మనసు సంగతి ఎవరికీ తెలియనివ్వకు

ఇంటికి వీడియోకాల్ చేసేటప్పుడు వెలుతురు బాగా పడే చోట కూర్చో. తిన్నావా అంటే తిన్నానను. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసమే సలహాదారులుంటారు, అక్కడికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? 1767 అని రాత్రీ పగలూ మనుషులు పలికే నంబరు ఉంది, ఫోన్ చేస్తే నీ మాట వింటారు. వినేవాళ్లు దొరికితే మనసు తేలికపడుతుంది, తేలికపడితే మన ఇళ్లలో పిల్లలకు నేర్పే ఓర్పు ఏమైపోవాలి? మానసిక వైద్యానికి నీ పాలసీలో ఎంత వర్తింపు ఉందో చూడటం ఆఖరి పనిగా పెట్టుకో.

10. పట్టా చేతికొచ్చిన రోజే బీమాను మరిచిపో

కోర్సు ముగిస్తే విద్యార్థి బీమా కూడా ముగుస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయాల పట్టభద్రులు ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది దాకా ఉండేలా లాంగ్ టర్మ్ విజిట్ పాస్ అడగొచ్చు. ఆ ఏడాది ఎవరి బీమా? ఎవరిదీ కాదు. సొంతంగా కొనుక్కుంటే తప్ప ఏమీ ఉండదు. ఈ సందు చాలామందికి కనపడదు, అందుకే నాకు ఇది చాలా ఇష్టం.

ఉద్యోగం వచ్చాక మరో ముచ్చట. ఎస్ పాస్ అనే పని అనుమతి మీద చేరితే ఏడాదికి కనీసం 60,000 డాలర్ల వైద్య బీమా యజమాని కొనాల్సిందే. 2023 జులై నుంచి ఇదే నియమం. అంతకన్నా పెద్ద జీతం, పెద్ద హోదా ఉన్న ఎంప్లాయ్‌మెంట్ పాస్ వచ్చిందనుకో, యజమానికి ఆ బలవంతం లేదు. ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. కాబట్టి ఆఫర్ లెటర్‌లో జీతం అంకె ఒక్కటే చూసి మురిసిపో. బీమా గురించి హెచ్‌ఆర్‌ను అడిగితే చులకనైపోతావు.

11. ఎటూ కాకపోతే మనవాళ్లు లేరా?

1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉంది. ఉగాది జరుపుతారు, అక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకు మన మాట వినిపిస్తారు. కష్టం వస్తే పరుగెత్తుకొచ్చే మనుషులు సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడి దగ్గర నిలబడి పిలిచినా దొరుకుతారు. కాబట్టి వాళ్లనే నీ బీమా కంపెనీ అనుకో. ఉద్యోగాలు, పిల్లలు, ఇంటి అద్దెలు ఉన్న ఆ స్వచ్ఛంద సేవకులు నీ ఐసీయూ బిల్లు మీద సంతకం పెట్టలేరన్నది వివరాల్లోకి వెళ్లేవాళ్ల వాదన.

చందాలు పోగేద్దామని డబ్బా పట్టుకుని లిటిల్ ఇండియా వీధుల్లో తిరగాలన్నా సింగపూర్‌లో లైసెన్సు కావాలి. ఇక విమానంలో మనిషిని పడుకోబెట్టి నర్సుతో ఇంటికి చేర్చాలన్నా, జరగరానిది జరిగి శవపేటికను సొంతూరికి పంపాలన్నా ఎంత కడతారో కొన్ని పాలసీల్లో ఒక వరుస ఉంటుంది. నీ పాలసీలో ఉందో లేదో చూడమని నేను చెప్పను. తెలుగు ఇంట్లో అలాంటి వరుసలు గట్టిగా చదవరు. ఆ డబ్బుల కోసం మూడు దేశాల్లో వాట్సాప్ గ్రూపులు తెల్లారేదాకా మోగుతాయి, అది మన ఆనవాయితీ.

నా మాట వినని మూర్ఖులు

ఎంత చెప్పినా కొందరు వినరు. ముందే గుర్తుపట్టడానికి వాళ్ల లక్షణాలు రాస్తున్నాను.

వీళ్లు ప్రయాణానికి వారం ముందు పాలసీ కాగితం కూర్చుని చదువుతారు. రక్షణ ఎంత, ఏ వార్డు, ఏ ఆసుపత్రులు, క్లెయిమ్ గడువు, పాత జబ్బుల నిబంధన, విదేశీ ప్రయాణం, శవాన్ని పంపే ఖర్చు అనే ఏడు విషయాలు ఒక అరపేజీలో తెలుగులో రాసి అమ్మానాన్నల ఫోన్లకు పంపుతారు. అర్థం కానివి కాలేజీకి ఈమెయిల్ పెట్టి అడుగుతారు, జవాబు దాచుకుంటారు. పాలసీ నంబరు, బీమా కంపెనీ 24 గంటల నంబరు, 995 ఫోన్‌లో పెట్టుకుని, గదిలో ఉండే స్నేహితుడికి కూడా ఇస్తారు. ఆసుపత్రిలో ఇచ్చిన ప్రతి బిల్లూ ఆ రోజే ఫొటో తీస్తారు. కనీస రక్షణ చాలదనిపిస్తే పైన ఇంకొకటి కొంటారు. జొహోర్‌కైనా బాలీకైనా ప్రయాణ బీమా విడిగా తీసుకుంటారు. పట్టా రాకముందే, ఆ తర్వాతి నెలల బీమా సంగతి చూసుకుంటారు.

ఇదంతా కలిపి ఒక ఆదివారం మధ్యాహ్నం పని. ఇలాంటి పిల్లలు పెరిగిపోతే మాలాంటి పెద్దవాళ్లకు గిరాకీ ఏముంటుంది?

వచ్చే వారం ఇదే శీర్షికలో: సింగపూర్‌లో ఇంటి అద్దె ఒప్పందం చదవకుండా సంతకం పెట్టడం ఎలా?